దొరసాని ముందు చెప్పాల్సిన మాట

“చెప్పవే సునందా, ఇంకొక్కసారి. ఈ బాల్వాడి మూతబడితే ఏమవుతుంది?”

“పిల్లలకు కష్టమైతది, అమ్మగారు.”

“కష్టమంటే ఏం కష్టం? జలుబు చేస్తుందా, తుమ్ములొస్తాయా?” దుర్గాంబ గారు కళ్ళజోడు తీసి చీర చెంగుతో గట్టిగా తుడుచుకున్నారు. “అంత పెద్ద కారేసుకుని వస్తున్న దొరసానికి కష్టమైతది అని చెప్తే, అయ్యో పాపం అని తలో బిస్కెట్టు పంచి వెళ్ళిపోతుంది. గుంటలో పడతారు, చువ్వలు గుచ్చుకుంటాయి, ప్రాణాలు పోతాయి. ఇంతే కదటే నువ్వు చెప్పాల్సింది. తొమ్మిదో తరగతి దాకా వెలగబెట్టావు, ఈపాటి మాట నోరు తిరగదా?”

సునంద చంకలో ఉన్న కూతురు హాసినిని అటు నుంచి ఇటు మార్చుకుంది. నోరు తిరగక కాదు. ఆ మాటలు ఆవిడ నోట్లోంచి రాలగానే తల పక్కకు తిప్పి, ఎవరికీ కనబడకుండా మూడుసార్లు ఉమ్మినట్టు చేసింది.

“అమ్మగారు, గంత మాట ఎందుకు? తథాస్తు దేవతలు ఉంటరు. మనం ఏమంటే అదే కానీ అంటరు.”

“గ్రేటర్ నోయిడా దాకా రారులేవే వాళ్ళు. మెట్రో దిగాక ఆటో దొరకదు.”

గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతున్న కాంతమ్మ కిసుక్కున నవ్వింది. సునందకు నవ్వు రాలేదు.

చుట్టూ ఆకాశాన్ని అంటేలా లేస్తున్న అపార్ట్‌మెంట్లు. వాటి మధ్య, సిమెంటు గోదాము పక్కన, రేకుల షెడ్డు. అదే బాల్వాడి. పాలమూరు నుంచి మేస్త్రీ వెంట వచ్చిన కూలీల పిల్లలందరూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా అందులోనే తిని, అందులోనే పడుకుంటారు. సునంద వాళ్ళకు పాటలు చెబుతుంది, అక్షరాలు దిద్దిస్తుంది. సొంత ఊరి కాంతమ్మ, వరసకు అత్త, వండి పెడుతుంది. సునంద మొగుడు లింగయ్య ఎదురుగా కనబడే టవర్లోనే చువ్వలు వంచే పని చేస్తాడు. ఇన్నాళ్ళూ ఈ షెడ్డును ఎవరో సేటు నడిపించాడు. ఈ నెలాఖరుతో ఇక తన వల్ల కాదన్నాడు.

అప్పుడు దుర్గాంబ గారు నడుం కట్టారు. మయూర్ విహార్‌లో ఉంటారావిడ. చిన్న సేవా సంస్థ ఒకటి పెట్టుకున్నారు. ఏదో చలిదేశపు ప్రభుత్వం బీదవాళ్ళ పిల్లలకు సాయం చేస్తుందని తెలిసి, కేంద్ర ప్రభుత్వంలో ఉద్యోగం చేసి రిటైరైన భర్త నాగభూషణం గారి చేత ఇంగ్లీషులో అర్జీ రాయించారు. అందులో ఒక ప్రశ్న ఉందట. ఈ సాయం అందకపోతే ఏం జరుగుతుంది అని. నాగభూషణం గారు దానికి పేజీ నిండా రాశారు. అది చదివాకే ఆ దేశపు దొరసాని చూడటానికి వస్తానంది. కాగితం మీదున్న ముక్కను తల్లుల నోటి నుంచి వినాలట. వినకుండా పైసా ఇవ్వరట.

“ఎవరూ అబద్ధం చెప్పమనడం లేదు,” దుర్గాంబ గారి గొంతు కాస్త మెత్తబడింది. “ఉన్నదే కదా చెప్పమంటున్నాను. షెడ్డు లేకపోతే మీరంతా పిల్లల్ని ఎక్కడ కూర్చోబెడతారు? పనిచేసే చోటే కదా?”

ఎక్కడ కూర్చోబెడతారో సునందకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

పోయిన వానాకాలం గాలివానకు షెడ్డు రేకులు లేచిపోతే బాల్వాడి కొన్నాళ్ళు మూసేశారు. అప్పుడు సునంద ఇటుకలు మోయడానికి వెళ్ళింది. హాసిని నడుముకు పాత చీర చుట్టి, రెండో కొస స్తంభానికి ముడేసింది. అక్కడ తల్లులందరూ చేసే పనే. మధ్యాహ్నం తట్ట దించి చూస్తే చీర ఉంది, పిల్ల లేదు. లిఫ్టు కోసం తవ్విన గుంతలో నిండుగా వాన నీళ్ళు. అంచున బోర్లా పడుకుని నీళ్ళల్లో చెయ్యి ఆడిస్తోంది హాసిని. లింగయ్య వెనక నుంచి పిల్లిలా వెళ్ళి గౌను పట్టుకుని లాగాడు.

ఆ రాత్రి మొగుడూ పెళ్ళాలు దాని గురించి ఒక్క మాట అనుకోలేదు. తర్వాతా అనుకోలేదు. ఇప్పటికీ ఇద్దరి మాటల్లో అది గుంత కాదు, “ఆ దిక్కు”. పాప ఆ దిక్కు పోకుండా చూడు అంటాడు లింగయ్య. అంతకుమించి నోరు దాటనివ్వరు. అసలు ఏమయ్యుండేదో పైకి అంటే, ఆగిపోయినది మళ్ళీ కదిలి వస్తుందని సునంద భయం.

భోజనం సైరన్ మోగే వేళకు తెల్లటి కారు వచ్చి ఆగింది. ముందు దొరసాని దిగింది. పొడుగ్గా, ఎర్రగా, నూలు కుర్తాలో ఉంది. వెనకే ఇంద్రాణి దిగింది. దొరసాని ఆఫీసులోనే పనిచేస్తుందట. అమ్మానాన్నలు తెలుగువాళ్ళే కానీ తను పుట్టి పెరిగింది ఢిల్లీలో. తెలుగు వింటే అర్థమవుతుంది, మాట్లాడాలంటే సగం హిందీ.

“నమస్తే ఆంటీ,” అంది దుర్గాంబ గారితో. “మదర్స్ అందరూ వచ్చారా? లంచ్ టైమే కదా, జల్దీ చేద్దాం.”

తల్లులు ఒళ్ళంతా సిమెంటు దుమ్ముతోనే వచ్చి చాప మీద కూర్చున్నారు. పిల్లలు మాత్రం తళతళలాడుతున్నారు. పొద్దున్నే తలంట్లు పోసి, నూనె పెట్టి దువ్వి, ఉన్నవాటిలో మంచి గౌన్లు తొడిగారు. బుగ్గన ఒకటి, అరికాలిలో ఒకటి కాటుక చుక్కలు. వస్తున్నది కొత్త మనిషి, ఎలాంటి కళ్ళో ఏమో.

దొరసాని చాప మీదే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఇంగ్లీషులో అడిగింది. ఇంద్రాణి తెలుగు చేసింది.

“మీకు ఇక్కడ ప్రాబ్లమ్స్ ఏంటి? పిల్లలకు ఏమైనా జబ్బులు, దెబ్బలు?”

మొదటి తల్లి ఒళ్ళో ఉన్న కొడుకు తల నిమిరింది. “ఏం లేవు మేడం. మంచిగున్నరు. దేవుని దయ.”

రెండో ఆమె కూడా అంతే. “మా పోరి మంచిగ తింటది, మంచిగ పంటది. ఏం ఫికర్ లేదు.”

మూడో ఆమె కొడుక్కి కిందటి నెలే మేకు దిగబడి కాలు వాచింది. ఆమె వాడి కాలిని కొంగు కిందికి లాక్కుని, “అంతా మంచిదే మేడం,” అంది.

దుర్గాంబ గారు దగ్గారు. కళ్ళతో సైగ చేశారు. ఎవరూ ఆవిడ వంక చూడలేదు. ఒకరి తర్వాత ఒకరు బాగున్నామనే చెప్పుకుపోయారు. దొరసాని రాసుకోవడం ఆపి కలం మూత పెట్టింది. ఇంద్రాణి చెవిలో ఏదో అంది.

“ఆంటీ,” ఇంద్రాణి గొంతు తగ్గించింది. “మేడం అంటున్నారు, వెరీ హ్యాపీ ప్లేస్ అట. లేకిన్ ఇంత బాగుంటే ఫండ్ ఎందుకు అని. ఇంకా చాలా అప్లికేషన్లు ఉన్నాయి. వాళ్ళ కండిషన్ ఇంకా బ్యాడ్‌గా ఉంది.”

దుర్గాంబ గారు చెయ్యి అడ్డం పెట్టారు. “ఒక్క నిమిషం అమ్మా. ఈ అమ్మాయి టీచరు. తనూ తల్లే. తను చెబుతుంది. చెప్పవే సునందా.”

అందరి కళ్ళూ సునంద మీద పడ్డాయి. ఆమె చుట్టూ చూసింది. బుగ్గన చుక్కలతో పిల్లలు, నోట్లో వేళ్ళేసుకుని తన వంకే చూస్తున్నారు. వీళ్ళ మధ్యలో, వీళ్ళు వింటుండగా ఆ మాట ఎట్లా అనాలి? అనకపోతే షెడ్డు పోతుంది. షెడ్డు పోతే మళ్ళీ స్తంభం, మళ్ళీ చీర ముడి.

“కాంతమ్మత్తా,” అంది గబగబా. “పిల్లలను జర బైటికి తీస్కపో. అందరినీ. ఒక్కలు గూడ ఇక్కడ ఉండొద్దు.”

“ఇప్పుడా? ఎండల యాడికి తీస్కపోవాలె?”

“గోదాం నీడకు. వినొచ్చే దూరంల ఉండొద్దు. నీకు దండం పెడత, పో అత్తా.”

హాసిని దిగనని మారాం చేసింది. సునంద పిల్ల వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి కాంతమ్మ చేతికిచ్చింది. పిల్లలందరూ గొలుసులా ఒకరి గౌను ఒకరు పట్టుకుని రేకుల కంచె దాటి వెళ్ళారు.

అప్పుడు నోరు విప్పింది. నేల చూపులు చూస్తూ మొదలుపెట్టింది. వానాకాలం, లేచిపోయిన రేకులు, ఇటుకల పని, చీర ముడి. ఇంద్రాణి ఒక్కో వాక్యం ఇంగ్లీషులోకి మారుస్తోంది. దొరసాని కలం మూత తీసింది. దుర్గాంబ గారు ముందుకు వంగి వింటున్నారు. ఈ సంగతి ఆవిడకూ తెలియదు.

“ముడి ఎట్ల ఊడిందో తెల్వది మేడం. తట్ట దించి చూస్తె పిల్ల లేదు. లిఫ్టు గుంత నిండ నీళ్ళున్నయి. ఇంకొంచెం ముంగటికి వంగితే నా బిడ్డ...”

ఆ తర్వాతి మాట గొంతు దాకా వచ్చి ఆగింది.

బయట కాంతమ్మ కేక పెట్టింది. “హాసినీ! ఓ పిల్లా! సునందా, హాసిని నీ దగ్గరికొచ్చిందా?”

సునందకు లేచినట్టు తెలియదు, కంచె దాటినట్టు తెలియదు. గోదాము నీడలో పిల్లలు ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. కాంతమ్మ చేతిలో ఒక పిల్లవాడి నోరు తెరిచి ఉంది, పెదవుల నిండా సిమెంటు. “వీడు సిమెంటు బుక్కుతుంటె నోట్ల వేలు పెట్టి తీస్తున్న. ఇట్ల తిరిగి అట్ల చూస్తె లేదు. ఇక్కడ్నే ఉండె, ఇగో ఇక్కడ్నే ఉండె...”

సునంద వినడం లేదు. కాళ్ళు ఆ దిక్కే పరుగెత్తాయి. ఇసుక కుప్పలు, ఇటుకల వరసలు, క్రేను కింద ఎర్ర తాడు కట్టిన దారి. “అరే దీదీ, ఉధర్ మత్ జావో!” అని గార్డు అరుస్తున్నాడు. అన్నాను. సగం అన్నాను. మిగతా సగం తథాస్తు దేవతలే పూర్తి చేసుకున్నారు. తల లోపల ఇదే తిరుగుతోంది.

గుంతలో మొన్నటి వాన నీళ్ళు ఇంకా ఉన్నాయి. పైన పచ్చగా తెట్టె కట్టింది. ఎక్కడా కదలిక లేదు. కదలిక లేకపోవడమే ఆమెను చంపేసింది. అంచున పొడుచుకొచ్చిన చువ్వ పట్టుకుని ఒక కాలు కిందికి వేసింది. నీళ్ళు మోకాలిని తాకాయి. ఈత రాదన్న సంగతి గుర్తుకే రాలేదు.

“సునందా! ఏం జేస్తున్నవే? పిచ్చి లేసిందా?”

పైన లింగయ్య. భుజం మీద హాసిని. మూతి నిండా పప్పన్నం.

“నా దగ్గరికొచ్చి నిలబడ్డది. సద్ది తింటుంటె నోరు తెరిచింది. నువ్వే ఎవరితోనో పంపినవనుకున్న.” అంటూనే అతని గొంతు మారింది. చువ్వలు వంచే చోటికి రావాలంటే క్రేను కింద నుంచి రావాలి. ఎవరూ తోడు రాలేదని పెళ్ళాం ముఖం చూశాక అర్థమైంది. వంగి ఆమె చెయ్యి పట్టుకుని పైకి లాగాడు. పిల్లను చేతికిచ్చి, పక్కనే ఉన్న ఇటుకల మీద కూలబడ్డాడు.

సునంద హాసినిని ఎత్తుకుని షెడ్డుకు వచ్చేసరికి కాంతమ్మ మిగతా పిల్లల్ని లోపలికి తెచ్చేసింది. దొరసాని నిలబడే ఉంది. ఇంద్రాణి ముఖం ఆఫీసు ముఖంగా మారిపోయింది.

“ఆంటీ, ఇది నేను రిపోర్ట్ చేయాలి. రూల్ ఉంది. విజిట్‌లో చైల్డ్ మిస్సయితే రాయకుండా ఉండలేను. సేఫ్టీ లేని సెంటర్‌కి వాళ్ళు ఇవ్వరు.”

“సెంటరు తప్పేం లేదమ్మా!” దుర్గాంబ గారు కాంతమ్మ వైపు వేలు చూపించారు. “ఈవిడ అజాగ్రత్త. ఈవిణ్ణి ఇవాళే తీసేస్తాను. కొత్త ఆయాను పెడతాను. రాసుకో, అలా రాసుకో.”

కాంతమ్మ చేతిలో ఉన్న పిల్లవాడి మూతి ఇంకా తుడుస్తూనే ఉంది.

సునంద చీర కుచ్చిళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఈ ఒక్క క్షణం నోరు మూసుకుంటే చాలు. కాంతమ్మ పోతుంది, షెడ్డు నిలిచినా నిలవచ్చు. కాంతమ్మ ఎక్కడికి పోతుంది? తట్ట మోయడానికి. ఆ అరిగిపోయిన మోకాళ్ళతో.

“ఆమెది తప్పు లేదు. నేనే పంపిన,” అంది. “అత్త ఎండ అన్నది, వద్దన్నది. నేనే దండం పెట్టి పంపిన.”

“క్యూఁ?” ఇంద్రాణి ఆశ్చర్యంగా చూసింది. “లోపల సేఫ్‌గా ఉన్నారు కదా. ఎందుకు పంపారు?”

“ఆ మాట పిల్లలు వినొద్దని.”

“ఏ మాట?”

సునంద తల అడ్డంగా ఊపింది. “అదే మేడం. మీరు అడిగినదే. సాయం రాకపోతె ఏమైతదో గా మాట. పిల్లలు ఉన్న చోట గట్ల అంటె తథాస్తు...”

ఇంద్రాణి చెయ్యి ఫోను మీద ఆగిపోయింది.

“మా మమ్మీ కూడా,” అంది చివరికి, ఆఫీసు గొంతు వదిలేసి. “ఎగ్జామ్ ఫెయిలవుతానేమో అంటే నోటి మీద కొట్టేది.” ఏదో తట్టినట్టు చాప వైపు తిరిగింది. “ఇందాక మీరందరూ బాగుంది, బాగుంది అన్నారు. వో భీ ఇసీ లియే? అది కూడా ఇందుకేనా?”

తల్లులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కాంతమ్మే అంది. “మరి? పిల్లలను ఒళ్ళ కూసోబెట్టుకోని, వాళ్ళ ముంగట ఏమంటరు బిడ్డా? కొత్త మనిషొచ్చి పిల్లలెట్లున్నరంటె, సచ్చిపోయేటట్టున్నరని ఏ తల్లి చెప్తది?”

అనేసి, నోరు జారినందుకు తనే చెంపలు వేసుకుంది.

ఇంద్రాణి దొరసానికి చెప్పడం మొదలుపెట్టింది. చాలాసేపు చెప్పింది. ఒక మాట వేసి, అది చాలక తీసేసి, ఇంకో మాట వెతుక్కుంటోంది. దొరసాని ముందు కనుబొమలు ముడిచింది. తర్వాత నెమ్మదిగా కూర్చుంది. పుస్తకంలో ఇందాక రాసుకున్న పేజీ తిరగేసి, ఒక్కొక్క తల్లి ముఖంలోకి చూసింది. మేకు దిగిన పిల్లవాడి కాలి దగ్గర ఆమె చూపు నిలిచింది. వాడి తల్లి ఈసారి కొంగు తీసేసింది.

దొరసాని అడిగింది చిన్న ప్రశ్నే. ఇంద్రాణి దాన్ని నింపాదిగా తెలుగు చేసింది.

“ఇవాళ జరిగింది ఎలాగూ రాస్తారట. అది దాచరు. కానీ షెడ్డు లేని రోజు ఏమవుతుందో కూడా పక్కనే రాయాలంటున్నారు. మేం ఊహించి రాస్తే మా పై ఆఫీసు వాళ్ళు ఒప్పుకోరు. తల్లే చెప్పాలి. సునందా, మీరు చెబుతారా? కావాలంటే పిల్లల్ని మళ్ళీ... మా డ్రైవర్ దగ్గర, కారులో కూర్చోబెడదాం. డోర్లు వేసేసి.”

దుర్గాంబ గారు పిల్లల వైపు నడవబోయారు.

“వద్దు అమ్మగారు,” అంది సునంద. “ఎక్కడికీ పంపను.”

హాసిని ఆమె మెడ చుట్టూ చేతులేసి ఉంది. పప్పన్నం వాసన. లోపల చిన్న గుండె కొట్టుకోవడం సునంద పక్కటెముకలకు తెలుస్తోంది. దించితే చాలు, ఒక్క నిమిషం దించితే చాలు, మాట దూరంగా పడుతుంది. కానీ దించితే ఏమవుతుందో ఇందాకే చూసింది. మాటకు భయపడి పిల్లను వదిలేయడమా, పిల్లను పట్టుకుని మాట అనడమా? ఇంతకు మించి మూడో దారి లేదు. ఉంటే ఎవరైనా చూపించేవాళ్ళు.

చాప మీద తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. ఎవరూ లేచి వెళ్ళలేదు.

సునంద బిడ్డను ఇంకా గట్టిగా అదుముకుంది. దొరసాని కళ్ళలోకి సూటిగా చూసింది. “ఈ షెడ్డు మూతబడితె నేను పనికి పోత. పోకుంటె తిండి లేదు. నా బిడ్డను స్తంభానికి కడత. అది ముడి విప్పుకుంటది. ఆ గుంతల పడి నా బిడ్డ సచ్చిపోతది.”



“రామ రామ!” పొద్దున్నుంచీ ఆ మాట కోసమే వేధించిన దుర్గాంబ గారు రెండు చేతులతో చెవులు మూసుకున్నారు. “శాంతం, పాపం శమించుగాక. నిండు నూరేళ్ళు, తల్లీ, నిండు నూరేళ్ళు...”

ఇంద్రాణి చివరి మాట దాకా ఇంగ్లీషులో చెప్పింది. దొరసాని తల వంచుకుని రాస్తోంది.

మేకు దిగిన పిల్లవాడి తల్లి గొంతు సవరించుకుంది. “నాది గూడ రాస్కోండి మేడం,” అంది. “మా వానిది గూడ చెప్త.”

ఆమె వెనక ఇంకొకామె ముందుకు జరిగింది.

సునంద పిల్లను దించకుండానే గుమ్మం దాకా నడిచి, కంచె తలుపు గొలుసు తగిలించి, ఊడదని లాగి చూసి వచ్చింది. వచ్చి ఇంద్రాణి పక్కన కూర్చుంది.

“తప్పు లేకుంట రాసిండ్రా, అడుగుండ్రి మేడం,” అంది. “ఇంకోసారి నన్ను అనమంటె నేను అనను.”